షుగర్ మందు వేసుకొని స్పృహ తప్పినవారి లెక్క ఎవరి దగ్గర ఉంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల మంత్రివర్యులకు, ఉన్నతాధికారులకు, జిల్లాల్లో అసాంక్రమిక వ్యాధుల (ఎన్‌సీడీ) కార్యక్రమాన్ని నడుపుతున్న అధికారులకు బహిరంగ లేఖ

విషయం: టైప్ 2 మధుమేహం ఉన్న పెద్దలకు మందుల వల్ల వచ్చే తీవ్రమైన లో షుగర్‌ను విడిగా నమోదు చేయడం, అలాంటి రోగి ఇంటికి వెళ్లేలోగా మందుల చీటీని సవరించడం గురించి.

అయ్యా, అమ్మా,

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేయాలన్న కార్యక్రమం మన రెండు రాష్ట్రాల్లోనూ పల్లెల దాకా చేరింది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వేలి మీద పొడిచి చూడటం, ఏఎన్‌ఎం నెలకు సరిపడా బిళ్ళలు చేతిలో పెట్టి వెళ్లడం ఇవాళ ఎవరికీ వింత కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనేనని అంచనా కట్టింది కాబట్టి ఈ శ్రమ ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. జిల్లా స్థాయి ఆసుపత్రిలో క్యాజువాలిటీ డ్యూటీలు చేసి, ఇప్పుడు సొంత ఊళ్లో రోగులను చూస్తున్న ఫిజీషియన్‌గా, ఆ కార్యక్రమం మీద గౌరవంతోనే, అందులో ఉన్న ఒక పెద్ద లోటును మీ దృష్టికి తెస్తున్నాను. ఎంతమందిని పరీక్షించాం, ఎంతమందికి మందు మొదలుపెట్టాం, ఎంతమందికి షుగర్ అదుపులోకి వచ్చింది అని సమీక్షా సమావేశాల్లో గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇచ్చిన మందు వల్లే షుగర్ పడిపోయి, స్పృహ తప్పి, ఆసుపత్రికి చేరినవారెందరని అడిగిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు.

రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే లో షుగర్ అంటాం, 54 కన్నా తగ్గితే తక్షణం సరిచేయాల్సిన స్థాయి అంటాం. తీవ్రమైనది అనడానికి మాత్రం అంకెతో పని లేదు. తనంతట తాను ఏమీ తినలేక, తాగలేక, పక్కనున్నవారు పూనుకుంటే తప్ప కోలుకోలేని స్థితికి మనిషి చేరాడంటే అది తీవ్రమైన లో షుగరే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్న టైప్ 2 రోగికి ఇది దాదాపుగా రాదు. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి సల్ఫోనిలూరియా బిళ్ళలు మింగేవారికి వస్తుంది. మనిషి తిన్నాడా పస్తున్నాడా అన్నదానితో నిమిత్తం లేకుండా ఆ బిళ్ళలు క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. అంటే ఈ అత్యవసర పరిస్థితిలో అధిక భాగం మా చీటీల నుంచి పుట్టినదే. కనుక దీన్ని నివారించే బాధ్యత రోగి కన్నా ముందు వైద్య వ్యవస్థ మీదే ఉందని నా నిశ్చితాభిప్రాయం.

ఈ రోగులు లో షుగర్ అన్న పేరుతో క్యాజువాలిటీకి రారు. తెల్లవారుజామున ఆటోలో పడుకోబెట్టుకొని వచ్చి, "పక్షవాతం వచ్చిందండీ, మాట పడిపోయింది" అంటారు. ఒక పక్క చెయ్యీ కాలూ నిజంగానే కదలకపోవచ్చు. గ్లూకోజ్ ఎక్కించాక అవే కదులుతాయి. కొందరు ఫిట్స్‌తో వస్తారు. కొందరిని, ఉన్నట్టుండి ఇంట్లోవాళ్లను తిడుతున్నాడని, బట్టలు లాగేసుకుంటున్నాడని, గాలి సోకిందేమోనని అనుమానిస్తూ తెస్తారు. కల్లు తాగే అలవాటున్న మనిషైతే తాగి పడిపోయాడనుకొని ఎండెక్కేదాకా అరుగు మీదే వదిలేస్తారు. మద్యం కాలేయంలో గ్లూకోజ్ తయారీని అడ్డుకొని షుగర్‌ను ఇంకా కిందికి లాగుతుంది కాబట్టి నిజానికి అతనికే ముప్పు ఎక్కువ. చెమటలు, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి అని మేం చదువుకున్న హెచ్చరికలు వయసు మళ్లినవారిలో అంత స్పష్టంగా కనిపించవు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ వాడేవారిలో వణుకు, దడ అణగిపోయి చెమట ఒక్కటే మిగలవచ్చు. ఏళ్ల తరబడి మధుమేహం ఉండి, తరచూ షుగర్ పడిపోయేవారిలో ఆ చెమట కూడా లేకుండా నేరుగా స్పృహే తప్పవచ్చు.

అందువల్ల స్పృహలోనో, మాటలోనో, ప్రవర్తనలోనో తేడా ఉన్న ఏ మనిషికైనా, స్కానింగ్‌కు పంపడానికి ముందే వేలి మీద పొడిచి షుగర్ చూడాలన్నది ప్రతి పీహెచ్‌సీలోనూ, ప్రతి 108 వాహనంలోనూ తప్పనిసరి నియమం కావాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ మన ప్రజలకు బాగా అలవాటైంది; ఎవరు స్పృహ తప్పినా ముందు దానికే ఫోన్ చేస్తారు. ఆ వాహనంలో గ్లూకోమీటర్ ఉన్నంత మాత్రాన సరిపోదు, గడువు దాటని స్ట్రిప్పులు, డెక్స్ట్రోజ్ (నరంలోకి ఎక్కించే గ్లూకోజ్) సీసాలు ఎప్పుడూ నిల్వ ఉండాలి. అంబులెన్స్ వచ్చేలోగా స్పృహ లేని మనిషి నోట్లో పంచదార నీళ్లు పోయకూడదని, ఊపిరితిత్తుల్లోకి పోతాయని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలని ఆశా కార్యకర్తలు ఇంటింటా చెప్పాలి.

ఇక ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యంగా నేను చెప్పదలచుకున్నది చికిత్స జరిగిన తర్వాతి గంట గురించి. 25 శాతం డెక్స్ట్రోజ్ వంద మిల్లీలీటర్ల సీసా నరంలోకి ఎక్కగానే, ఇక దక్కడనుకున్న మనిషి కళ్లు తెరిచి, తన పేరు చెప్పి, టీ అడుగుతాడు. ఇంత త్వరగా ఇంత తేడా చూపించే చికిత్సలు వైద్యంలో బహు కొద్ది. బంధువులు దండం పెడతారు, పొలం పనులున్నాయని, మళ్లీ బస్సు దొరకదని వెళ్లిపోతామంటారు, మంచాలు సరిపోని ఆసుపత్రి కూడా సరేనంటుంది. ఆ సీసాలో ఉన్నది 25 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే. ఒంట్లో ఉన్న గ్లిమెపిరైడ్ ప్రభావం ఒక రోజంతా సాగుతుంది; మూత్రపిండాలు దెబ్బతిన్న మనిషిలో గ్లిబెన్‌క్లమైడ్ రెండు మూడు రోజులైనా వదలకపోవచ్చు. పైగా మనం ఎక్కించిన గ్లూకోజే, ఆ మందు పట్టులో ఉన్న క్లోమాన్ని మరింత ఇన్సులిన్ వదిలేలా రెచ్చగొడుతుంది. దాంతో పొద్దున లేచి కూర్చొని అందరినీ పలకరించిన పెద్దావిడ సాయంత్రానికి మళ్లీ స్పృహ లేకుండా వస్తుంది, లేదా ఆ రాత్రి నిద్రలోనే షుగర్ పడిపోయి, తెల్లవారి ఇంట్లోవాళ్లు చూసేసరికి మెదడు దెబ్బతిని ఉంటుంది.

సల్ఫోనిలూరియా వల్ల షుగర్ పడిపోయినవారిని కనీసం 24 గంటలు, మూత్రపిండాల జబ్బు ఉంటే అంతకన్నా ఎక్కువ సేపు, ఆసుపత్రిలోనే ఉంచి, క్రమం తప్పకుండా షుగర్ చూస్తూ, తినగలిగినంత తినిపించాలి. గ్లూకోజ్ ఎక్కిస్తున్నా షుగర్ నిలవకపోతే ఇవ్వడానికి, ఇన్సులిన్ విడుదలను అణచే ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ కనీసం జిల్లా ఆసుపత్రుల్లోనైనా ఉండాలి. షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ గురించి ఒక మాట: ఇన్సులిన్ ఎక్కువై పడిపోయినవారికి అది పనికొస్తుంది గానీ, బిళ్ళల వల్ల పడిపోయినవారిలో అది కూడా ఇన్సులిన్‌ను ప్రేరేపిస్తుంది, పస్తులుండి కాలేయంలో నిల్వలు లేనివారిలో సరిగా పనిచేయదు, కనుక దాన్నే నమ్ముకొని రోగిని వదిలేయకూడదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం చూస్తే నాకు మరింత బాధ కలుగుతుంది. "లో షుగర్, చికిత్స ఇచ్చి పంపాం, పాత మందులు కొనసాగించవలెను" అని ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. ఆ పాత మందే కదా మనిషిని పడగొట్టింది! మర్నాడు ఉదయం ఆ రోగి అదే బిళ్ళ మింగుతాడు. నెల తిరగగానే ఏఎన్‌ఎం వచ్చి, ఈ మధ్య ఏం జరిగిందో తెలియక, అదే బిళ్ళ మళ్లీ ఇచ్చి వెళుతుంది. ఆసుపత్రిలో తెలిసిన సంగతి ఊళ్లో మందు ఇచ్చే చేతికి చేరే దారి లేకపోవడమే ఈ మొత్తం వ్యవహారంలో అసలు లోపం.

ఆ చీటీని ఎలా సవరించాలన్నది తెలియని రహస్యమేమీ కాదు. అరవై ఏళ్లు దాటినవారికి గ్లిబెన్‌క్లమైడ్ తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో 2013లోనే రాసింది. ఆ మందు శరీరంలో విడిపోయాక ఏర్పడే పదార్థాలు కూడా షుగర్‌ను తగ్గిస్తాయి, వాటిలో దాదాపు సగం మూత్రపిండాల ద్వారా బయటికి పోవాలి. ఇన్సులిన్‌ను శరీరం నుంచి తొలగించడంలోనూ మూత్రపిండాలకు పెద్ద పాత్ర ఉంది. కాబట్టి మూత్రపిండాలు బలహీనపడే కొద్దీ నిన్నటిదాకా సరిపోయిన మోతాదే ఇవాళ ఎక్కువైపోతుంది. "ఇన్నాళ్లకు షుగర్ బాగా అదుపులోకి వచ్చింది డాక్టరుగారూ" అని సంతోషంగా చెప్పే వృద్ధుడికి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే అసలు కారణం బయటపడటం ఫిజీషియన్లందరికీ అనుభవమే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల, మధుమేహంతో సంబంధం లేకుండానే మూత్రపిండాల జబ్బు ఇంత విస్తారంగా ఉన్నప్పుడు, అక్కడ షుగర్ బిళ్ళ ఇవ్వడానికి ముందు క్రియాటినిన్ చూడకపోవడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం. ఏడాదికొకసారైనా ఆ పరీక్ష చేయకుండా ఎన్‌సీడీ మందులు కొనసాగించరాదని మీరు ఉత్తర్వు ఇవ్వగలరు.

మరో మందు తోడవడం వల్ల కూడా ఇదే ప్రమాదం వస్తుంది. విరేచనాలు పట్టుకొని రెండు రోజులుగా అన్నం తినని పెద్దాయనకు ఊళ్లో ఆర్‌ఎంపీ సిప్రోఫ్లాక్సాసినో లీవోఫ్లాక్సాసినో ఇస్తాడు, షుగర్ బిళ్ళ మాత్రం మానవద్దంటాడు. ఆ జాతి యాంటీబయాటిక్స్ వల్ల, ముఖ్యంగా షుగర్ మందులు వాడే వృద్ధుల్లో, గ్లూకోజ్ కోమా స్థాయికి పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 జులైలో హెచ్చరికను కఠినతరం చేసింది. అదే కుటుంబానికి చెందిన గాటిఫ్లాక్సాసిన్ బిళ్ళలను, ఇంజెక్షన్లను మన దేశం 2011లోనే నిషేధించింది. కో-ట్రైమాక్సజోల్, ఫ్లూకొనజోల్ కూడా ఈ బిళ్ళల ప్రభావాన్ని పెంచుతాయి. తిండి తినలేని రోజున సల్ఫోనిలూరియా బిళ్ళ వేసుకోకూడదని, ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం తమంతట తాము మానేయకుండా మోతాదు అడిగి తెలుసుకోవాలని, మందుల కవరు మీదే పెద్ద అక్షరాలతో తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో, గిరిజన ప్రాంతాల్లో అక్కడి భాషలో అచ్చువేయించడానికి పెద్ద ఖర్చు కాదు.

అసలు ఆ కవరు మీద మేం రాసే "టిఫిన్‌కు ముందు" అన్న సూచన ఎవరిని దృష్టిలో పెట్టుకొని రాసిందో నాకు అర్థం కాదు. టిఫిన్ అన్నదే లేని ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. వేసవిలో ఉపాధి హామీ పనికి తెల్లవారకముందే బయల్దేరే మనిషి ఇంట్లో బిళ్ళ మింగి, పార పట్టి మట్టి తవ్వి, సద్దిమూట విప్పేసరికి పది దాటుతుంది. ఖాళీ కడుపు, శారీరక శ్రమ, బిళ్ళ, మూడూ కలిసిన ఆ మూడు నాలుగు గంటలే ప్రమాదకరమైనవి. ఏ పూట ఏం తింటారు, పనికి ఎన్నింటికి వెళతారు అని అడిగిన తర్వాతే బిళ్ళ వేళ నిర్ణయించాలి. కార్తీక సోమవారాల ఉపవాసాలకు, ఏకాదశికి, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేసి మధ్యాహ్నం దాకా ఏమీ ముట్టని అయ్యప్ప దీక్షకు కూడా ఇదే వర్తిస్తుంది. రంజాన్ ఉపవాసాల విషయంలో అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి: షుగర్ 70 కన్నా తగ్గితే ఉపవాసం విరమించాలి, వేలి మీద పొడిచి పరీక్షించుకున్నంత మాత్రాన రోజా భంగం కాదు, మందుల వేళలు, మోతాదులు నెల మొదలయ్యే ముందే మార్పించుకోవాలి. ఇలాంటి సలహా హిందువుల దీక్షల విషయంలో మన డాక్టర్లు అంత శ్రద్ధగా ఇవ్వరు; మొక్కు సంగతి కదా మనకెందుకులే అని ఊరుకుంటారు.

షుగర్ పడిపోతున్నట్టు అనిపిస్తే పంచదార తినమని చెప్పడం అందరికీ అలవాటే. మన దగ్గర విరివిగా అమ్ముడుపోయే మూడు మందుల మిశ్రమ బిళ్ళల్లో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్‌లతోపాటు వోగ్లిబోస్ కూడా ఉంటుంది. పంచదార పేగుల్లో విడిపోయి గ్లూకోజ్‌గా మారడాన్ని అడ్డుకోవడమే వోగ్లిబోస్ పని. కాబట్టి ఆ బిళ్ళ వేసుకున్న మనిషికి చాక్లెట్లు, పంచదార తినిపించినా షుగర్ త్వరగా పెరగదు. వారికి నేరుగా గ్లూకోజ్ పొడే, మూడు నాలుగు చెంచాలు, అంటే 15 నుంచి 20 గ్రాములు నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. నెలవారీ మందులతోపాటు ఒక చిన్న గ్లూకోజ్ పొట్లం ఇవ్వాలని కోరడానికి కారణం ఇదే.

ఇన్సులిన్ విషయంలో ఒక పొరపాటు మన రాష్ట్రాలకు, విదేశాల్లో పిల్లలున్న మన తల్లిదండ్రులకు మరీ వర్తిస్తుంది. ఇక్కడ సాధారణంగా దొరికే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పెన్ను కార్ట్రిడ్జుల్లోనూ, అమెరికాలో దొరికే సీసాల్లోనూ 100 యూనిట్లు ఉంటాయి. పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్ నుంచి, లేదా అమ్మాయి దగ్గరికి వెళ్లి వస్తూ తెచ్చుకున్న సీసా నుంచి, మన మందుల షాపులో కొన్న ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. రెండున్నర రెట్లు! సిరంజి అమ్మేటప్పుడు ఏ ఇన్సులిన్‌కు అని అడగడం మందుల షాపువారికి తప్పనిసరి చేయాలని ఔషధ నియంత్రణ అధికారులను కోరుతున్నాను.

షుగర్ ఎంతగా తగ్గిస్తే అంత మంచిదన్న నమ్మకం కూడా ఈ ప్రమాదాలకు దోహదం చేస్తోంది. అమెరికా, కెనడాల్లో పదివేల మందికి పైగా టైప్ 2 రోగులతో జరిగిన అకార్డ్ పరిశోధనలో, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీని 6 శాతం లోపుకు తేవాలని తీవ్రంగా చికిత్స చేసిన వర్గంలో 257 మంది, మామూలు చికిత్స పొందిన వర్గంలో 203 మంది చనిపోవడంతో 2008 ఫిబ్రవరిలో ఆ తీవ్ర చికిత్సను ఆపేశారు. తీవ్రమైన లో షుగర్ కూడా మొదటి వర్గంలో సుమారు మూడు రెట్లు ఎక్కువ కనిపించింది. ఆ మరణాలకు లో షుగరే కారణమని తేలలేదు గానీ, వయసు మళ్లి, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి 8 శాతం దాకా ఉన్నా ఫర్వాలేదని మార్గదర్శకాలు ఆ తర్వాత సడలాయి. డెబ్బై అయిదేళ్ల మనిషికి, ముప్పై అయిదేళ్ల మనిషికి ఒకే లక్ష్యం పెట్టి, అదుపు శాతాన్ని బట్టి సిబ్బందిని మెచ్చుకుంటే, మోతాదు పెంచడమే అందరికీ సులువైన దారి అవుతుంది.

నమోదు సంగతికి వస్తాను. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదవ కూర్పులో టైప్ 2 మధుమేహం వల్ల వచ్చే కోమాకు ఉన్న సంకేతం ఒక్కటే. షుగర్ విపరీతంగా పెరిగి వచ్చినదైనా, పడిపోయి వచ్చినదైనా ఆ ఒక్క గూటిలోకే చేరుతుంది. కనుక ఆసుపత్రి రికార్డుల్లోంచి ఈ సంఖ్యను వెలికితీద్దామన్నా వీలుకాదు, వేరే నమోదు కావాలి. అది కష్టమేమీ కాదు. మందుల దుష్ప్రభావాల నమోదుకు 2010 నుంచి జాతీయ కార్యక్రమం నడుస్తోంది, వైద్య కళాశాలల్లో దాని కేంద్రాలున్నాయి. పెన్సిలిన్ పడక దద్దుర్లు వస్తే ఆ ఫారం నింపుతారు, గ్లిమెపిరైడ్ వల్ల కోమాలోకి వెళితే నింపరు. లెక్క తీసిన చోట ఏం తేలిందో చూడండి: అమెరికాలో 65 ఏళ్లు పైబడి, మందుల దుష్ప్రభావంతో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరినవారిని 2007 నుంచి 2009 వరకు పరిశీలిస్తే, ఇన్సులిన్ వల్ల సుమారు 14 శాతం, షుగర్ బిళ్ళల వల్ల సుమారు 11 శాతం అని వెల్లడైంది. అంటే నాలుగింట ఒక వంతు.

సల్ఫోనిలూరియాలను నిషేధించమని నేను అడగడం లేదు. అవి చవక, గట్టిగా పనిచేస్తాయి, ఎందరికో ఏ ఇబ్బందీ లేకుండా సరిపోతున్నాయి. పేదవారికి వేరే మందు ఎక్కడిదన్న వాదన మాత్రం మునుపటిలా నిలవదు. విల్డాగ్లిప్టిన్, డాపాగ్లిఫ్లోజిన్, సిటాగ్లిప్టిన్‌ల పేటెంట్లు ముగిసి ధరలు బాగా తగ్గాయి. టెనెలిగ్లిప్టిన్ 2022లో జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలోకే వచ్చింది. ఒంటరిగానో మెట్‌ఫార్మిన్‌తోనో వాడితే ఇవి షుగర్‌ను ప్రమాదస్థాయికి పడగొట్టడం అరుదు. అందరికీ మార్చలేకపోయినా, ఒకసారి పడిపోయి వచ్చినవారికి, డెబ్బై దాటినవారికి, మూత్రపిండాలు బలహీనపడినవారికి మార్చేంత స్తోమత మన బడ్జెట్లకు ఉంది. లో షుగర్ గురించి గట్టిగా చెబితే జనం భయపడి మందులే మానేస్తారని కొందరు సహోద్యోగులు నాతో అన్నారు. నా అనుభవంలో, చెప్పకుండా ఊరుకున్న ఇళ్లలోనే, ఒకసారి మనిషి పడిపోయాక అన్ని మందులూ ఒక్కసారిగా మానేసి ఆకుల రసాలకు మళ్లుతున్నారు.

కాబట్టి రెండు ప్రభుత్వాలూ ఒక పేజీ సర్క్యులర్ ఇవ్వాలని అభ్యర్థిస్తున్నాను. తీవ్రమైన లో షుగర్‌తో వచ్చిన ప్రతి రోగికీ ఏ మందు, ఎంత మోతాదు, క్రియాటినిన్ ఎంత, ఏ మార్పు చేసి పంపాం అన్న వివరాలతో ఒక కాగితం నింపాలి; దాని ఒక ప్రతి మందుల దుష్ప్రభావాల కేంద్రానికి, మరో ప్రతి ఆ ఊరి పీహెచ్‌సీ వైద్యాధికారికి వెళ్లాలి; ఆ ప్రతి అందేదాకా ఏఎన్‌ఎం పాత బిళ్ళ మళ్లీ ఇవ్వకూడదు. ఈ సంఖ్య ఎక్కువ చూపిన ఆసుపత్రిని మందలిస్తే మరుసటి నెల నుంచి సున్నా అని రాసి పంపుతారు కాబట్టి, దీని ఆధారంగా ఎవరి మీదా చర్య ఉండదని కూడా అందులోనే స్పష్టం చేయాలి. కార్తీకమాసం, దీక్షలు మొదలయ్యేలోగా ఆ సర్క్యులర్ వెలువడితే, ఉపవాసాలుండే రోగులకు బిళ్ళల వేళ మార్చే వ్యవధి మా అందరికీ దొరుకుతుంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఫిజీషియన్